అవ్వా మనవరాలూ కలిసి నడిచే వీధి ఏది?

2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ముప్ఫై ఏళ్ల నాటి ఒక నిబంధనకు మంగళం పాడింది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన అది. జనాభా పెరిగిపోతోందన్న బెంగతో పెట్టిన షరతు, జనాభా ముదిరిపోతోందన్న బెంగతో పోయింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అంతకుముందు నుంచే ఎక్కువమంది పిల్లల్ని కనాలని సభల్లో చెబుతూ వచ్చారు. ఆ బెంగ ఉత్తదేమీ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) ప్రకారం ఒక్కో మహిళకు సగటున పుడుతున్న పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తరిగిపోకుండా నిలవాలంటే ఇది 2.1 ఉండాలి. 2021లో ఆంధ్రప్రదేశ్ జనాభాలో అరవై దాటినవారు 12.4 శాతమని, 2031కల్లా 16.4 శాతానికి చేరతారని జాతీయ గణాంక కార్యాలయం నివేదిక అంచనా వేసింది. ప్రతి ఆరుగురిలో ఒకరన్నమాట.

పిల్లల్ని కనమంటున్నారు, సరే. కన్న బిడ్డను చంకనేసుకుని తల్లి అంగన్‌వాడీ దాకా నడిచి వెళ్లడానికి దారి ఉందా? ఆ బిడ్డ నాయనమ్మ మోకాళ్ల నొప్పులతో వీధి చివరి మందుల షాపుకు తనంతట తాను వెళ్లి రాగలదా? వయసుల లెక్కలమీద ఇంత చర్చ జరుగుతున్నా అది శాసనసభ మెట్లు దిగి వీధిలోకి రావడం లేదు. పిల్లలకు పథకాలున్నాయి, పెద్దలకు పింఛన్లున్నాయి. ఈ ఇద్దరూ కలిసి బతికే ఊరు ఎలా ఉండాలన్న ఆలోచన మాత్రం ఏ శాఖ ఖాతాలోనూ లేదు.

ఒక మోస్తరు తెలుగు పట్టణంలో ఏ కాలనీ వీధినైనా తీసుకోండి. ఫుట్‌పాత్ అంటే చాలాచోట్ల మురుగు కాలువమీద పరిచిన సిమెంటు పలకలే. వాటిలో కొన్ని విరిగి ఉంటాయి. కొన్నింటిని పూడిక తీసినప్పుడు పైకి లేపి అలాగే పక్కన వదిలేసి ఉంటారు. తీసిన పూడికా అక్కడే ఎండుతూ ఉంటుంది. ఆ పైన ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, ఫ్లెక్సీ కట్టిన కర్రలు, నిలిపిన బైకులు. ప్రతి ఇంటి ముందూ కారు ఎక్కించుకోవడానికి రోడ్డుమీదకు జారవిడిచిన ర్యాంపు. ఒక్కోటీ ఒక్కో ఎత్తు. పాతికేళ్ల కుర్రాడు చూసుకోకుండానే దాటేస్తాడు. డెబ్భై అయిదేళ్ల పెద్దావిడ నాలుగు ర్యాంపులు ఎక్కి దిగి, ఇక నావల్ల కాదని రోడ్డుమీదకే వచ్చి నడుస్తుంది. వెనక వచ్చే ఆటోను చూడలేదు గనక చెవులతోనే నడుస్తుంది. మనవరాలి చెయ్యి పట్టుకుని ఉంటే ఇద్దరిలో ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో చెప్పడం కష్టం.

దీనికి చెల్లిస్తున్న మూల్యం చిన్నది కాదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. వారిలో 32,825 మంది పాదచారులు. ఏ బండీ ఎక్కకుండా, కాళ్లమీద నడుస్తూ పోతూ రోజుకు సుమారు తొంభై మంది చనిపోయారు. ఇది వాహనం గుద్దితే జరిగిన మరణాల లెక్క మాత్రమే. పలక మీద కాలు మడతపడి తుంటి విరిగిన పెద్దావిడ పోలీసు స్టేషన్ రికార్డుల్లోకి ఎక్కదు, ఎముకల డాక్టరు దగ్గరకు వెళుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న ప్రకారం, అనుకోని గాయాలవల్ల సంభవించే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం కింద పడిపోవడానిదే. ఏడాదికి 6,84,000 మంది ఇలా ప్రాణాలు కోల్పోతున్నారు. ఎక్కువగా బలవుతున్నది అరవై దాటినవారే. బతికి బయటపడ్డవారిలోనూ చాలామంది ఆ తర్వాత గడప దాటడానికి జంకుతారు. ఇంట్లో కొడుకూ కోడలూ కూడా "ఎందుకమ్మా, ఏం కావాలో చెప్పు, మేం తెస్తాంగా" అంటారు. ప్రేమగానే అంటారు. ఆవిడ లోకం మాత్రం ఆ రోజుతో మూడు గదులకు కుదించుకుపోతుంది.

నియమాలు లేవా అంటే దండిగా ఉన్నాయి. పాదచారుల సౌకర్యాలపై ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రూపొందించిన మార్గదర్శకాలు, నివాస ప్రాంతాల్లో కూడా ఫుట్‌పాత్‌మీద ఏ అడ్డూ లేని నడక దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలంటున్నాయి. చక్రాల కుర్చీలు రెండు ఎదురెదురుగా వచ్చినా తప్పుకోగల వెడల్పు అది. గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లకు, అంటే జానెడుకన్నా తక్కువకు, మించకూడదు. మన పట్టణాల్లో అసలు ఫుట్‌పాతే లేని రోడ్లు ఎక్కువ. ఉన్నచోట రెండు మెట్లంత ఎత్తు. 2025 మే 14న సుప్రీంకోర్టు, నడవడానికి యోగ్యమైన ఫుట్‌పాత్ పొందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. ఫుట్‌పాత్‌లు లేకపోవడంవల్లే జనం రోడ్డుమీద నడవాల్సి వస్తోందని, దివ్యాంగులకు కూడా పనికొచ్చేలా వాటిని కట్టాలని రాష్ట్రాలను ఆదేశించింది. జీవించే హక్కు దాకా వెళ్లిన విషయం మున్సిపల్ బడ్జెట్‌లో మాత్రం రోడ్డు విస్తరణ తర్వాత మిగిలితే చూద్దామన్న పద్దుగానే ఉంది.

అరవై దాటినవారి సంగతి ఇలా ఉంటే ఆరేళ్లలోపువారి సంగతి ఇంకోలా ఉంటుంది. నెదర్లాండ్స్‌కు చెందిన బెర్నార్డ్ వాన్ లీర్ ఫౌండేషన్ కొన్నేళ్లుగా నగర పాలకులను ఒకే ప్రశ్న అడుగుతోంది: 95 సెంటీమీటర్ల ఎత్తు నుంచి మీ ఊరు ఎలా కనిపిస్తుంది? ఆరోగ్యంగా ఉన్న మూడేళ్ల బిడ్డ సగటు ఎత్తు అది. ఆ సంస్థతో కలిసి కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ నిర్వహించిన పోటీలో, అయిదేళ్లలోపు పిల్లలకు వీధుల్ని అనువుగా మార్చే ప్రయోగాలకు 2021లో దేశంలో 25 నగరాలు ఎంపికయ్యాయి. వాటిలో మనవి మూడు: వరంగల్, హైదరాబాద్, కాకినాడ. 95 సెంటీమీటర్ల ఎత్తు నుంచి చూస్తే నిలిపి ఉంచిన బైకు ఓ గోడ. సైలెన్సర్ పొగ సరిగ్గా ముఖానికే తగులుతుంది. రోడ్డు దాటాలంటే అటువైపు ఏముందో కనిపించదు, ఇటున్న కార్లు అడ్డం. కూర్చోవడానికి ఎత్తు తక్కువ గట్టు, మట్టి, నీడ, ఆగి చూడటానికి ఓ పిల్లి. ఆ వయసుకు ఇంతకన్నా పెద్ద కోరికలు ఉండవు.

తమాషా ఏమిటంటే మూడేళ్ల బిడ్డకు పనికొచ్చే వీధి ఎనభై ఏళ్ల మనిషికీ పనికొస్తుంది. ఇద్దరి అడుగూ చిన్నది. ఇద్దరికీ ఆగి ఆగి వెళ్లడం కావాలి, త్వరగా మరుగుదొడ్డి కావాలి. వేగంగా వచ్చే బండిని అంచనా వేయడం ఇద్దరికీ రాదు. కొలంబియా రాజధాని బొగోటాలో పార్కుల శాఖను నడిపిన గిల్ పెన్యలోసా తరువాత కెనడాలో ఇదే ఆలోచనతో ఓ సంస్థ పెట్టారు. ఎనిమిదేళ్లవారికీ ఎనభై ఏళ్లవారికీ బాగుంటే ఆ నగరం అందరికీ బాగుంటుందన్నది దాని సూత్రం. మన ప్రణాళికలు దీనికి సరిగ్గా ఎదురు దిశలో నడుస్తాయి. పిల్లలకు ఒక శాఖ, వృద్ధులకు ఒక శాఖ, దివ్యాంగులకు ఇంకొకటి, రోడ్లకు వేరొకటి. పార్కులో పిల్లల ఆటవస్తువులు ఒక మూల, పెద్దల బెంచీలు మరో మూల. మనవడు జారుడుబల్ల మీద ఉంటే తాత కూర్చునే చోటు యాభై గజాల అవతల.

గత కొన్నేళ్లలో తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఒక పనిలో ఆరితేరాయి. ఏదైనా ఇంటికే తెచ్చి ఇస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు రూ.4,000, ఒకటో తారీఖున సచివాలయ ఉద్యోగి గుమ్మంలోకే వచ్చి చేతిలో పెడతారు. మంచం దిగలేని మనిషికి ఇది కొండంత అండ, దీన్ని తక్కువ చేయనక్కర్లేదు. పైగా ప్రైవేటు యాప్‌లు కూరగాయలనూ మందులనూ పది నిమిషాల్లో గుమ్మంలో దించుతున్నాయి. అయితే ఇల్లు కదలకుండా అన్నీ అందడం వేరు, ఇల్లు దాటి వెళ్లగలగడం వేరు. పెద్దవాళ్లకు బజారు ఒక సాకు. అర కిలో వంకాయల కోసం బయల్దేరి, దారిలో నలుగురిని పలకరించి, ధర దగ్గర గీచి గీచి బేరమాడి, ఎవరింట్లో పెళ్లి కుదిరిందో విని వస్తారు. గుమ్మం దగ్గరకు వచ్చే సంచిలో వంకాయలు మాత్రమే ఉంటాయి. పిల్లలు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉండి, కృష్ణా గోదావరి జిల్లాల్లో పెద్ద ఇళ్లలో ఇద్దరే మిగిలిన తల్లిదండ్రులకు ఈ తేడా బాగా తెలుసు.

బస్సు సంగతికొస్తే పరిస్థితి కొంత మెరుగైంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. టికెట్ డబ్బుల కోసం కొడుకును అడగాల్సిన పనిలేకుండా కూతురింటికో, గుడికో, ఆసుపత్రికో బయల్దేరే పెద్దావిడకు ఇదెంత స్వేచ్ఛో లెక్క కట్టలేం. కానీ టికెట్ తీసేశారుగానీ మెట్టు తగ్గించలేదు. పట్టణ బస్సుల జాతీయ ప్రమాణాల్లో నేల నుంచి ఫ్లోర్ ఎత్తు 400, 650, 900 మిల్లీమీటర్లని మూడు రకాలున్నాయి. మొదటి రకాన్ని ఎక్కడానికి ఒక్క అడుగు చాలు. మూడో రకానికి నిటారు మెట్లు, రెండు చేతులతో కడ్డీ పట్టుకోవడం, వెనక నుంచి ఒకరి ఆసరా. మన దారులమీద తిరిగేవాటిలో ఎక్కువ ఈ మూడో తరహావే. డ్రైవరు బస్సును స్టాపు గట్టుకు ఆనించి ఆపితే సగం కష్టం తీరుతుంది. స్టాపులో ఆటోలు నిలబడి ఉంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు, రోడ్డు మధ్యలో ఆపుతాడు. కొత్త బస్సులు, ముఖ్యంగా విద్యుత్ బస్సులు కొంటున్న ఈ సమయంలోనే ఫ్లోర్ ఎత్తు సంగతి తేల్చకపోతే మరో పదిహేనేళ్లు ఆ మెట్లే ఎక్కాలి.

ఇక బెంచీ. దీనంత చవకైన సౌకర్యం ఇంకొకటి లేదు, దీనంత అరుదైనదీ లేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషి రెండు మూడు వందల మీటర్లకు ఒకసారి కూర్చోగలిగితే రెండు కిలోమీటర్లు తిరిగొస్తుంది. కూర్చునే చోటు లేకపోతే ఆ మూడు వందల మీటర్లే ఆమె ఊరి ఎల్లలు. బెంచీ ఉన్నా మన ఎండల్లో నీడ లేకపోతే అది పెనమే. 2015 వేసవిలో దేశంలో వడదెబ్బకు రెండు వేలమందికి పైగా చనిపోతే అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవారే. చలివేంద్రం పెట్టడం మనకు పాత అలవాటు, ఇప్పటికీ పుణ్యానికో ప్రచారానికో పెడుతూనే ఉన్నారు. కుండ పక్కన నాలుగు కుర్చీలూ ఓ పందిరీ వేస్తే అదే వేసవి విడిది. మరుగుదొడ్డి గురించి పెద్దవాళ్లు పైకి చెప్పరు. షుగర్ ఉన్నవారు, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవారు, గర్భిణులు, చిన్నపిల్లల తల్లులు బయటకు వెళ్లేముందు నీళ్లు తాగడం మానేస్తారు. లేదంటే వెళ్లడమే మానేస్తారు. కట్టిన మరుగుదొడ్లు లేవని కాదు, తాళం తీసి ఉన్నవి ఎన్నని అడగాలి.

ఇలాంటి మాటలు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు రచ్చబండను, వీధి అరుగులను గుర్తుచేసి నిట్టూరుస్తారు. అరుగు నిజంగానే గొప్ప ఏర్పాటు. ఇల్లు తన నేలలో మూడడుగులు వీధికి వదిలి, దారిన పోయేవారిని కూర్చోమంది. కానీ ఆ నిట్టూర్పులో కొంత మోసం ఉంది. రచ్చబండమీద ఆడవాళ్లు కూర్చోలేదు. దళితులను కూర్చోనివ్వలేదు. ఏ అరుగుమీద ఎవరు కూర్చోవచ్చో కులం నిర్ణయించింది. కాబట్టి వెనక్కి వెళ్లడానికి అక్కడేమీ లేదు. మున్సిపాలిటీ వేసిన బెంచీకి కులం ఉండదు, దాన్ని అడిగి కూర్చోనక్కర్లేదు. పాత ఊరికన్నా మెరుగైన ఊరిని కట్టుకోవడమే ఇప్పుడు చేయగలిగిన పని.

ఎక్కడైనా చేసి చూపించారా అంటే చూపించారు. స్పెయిన్ వాయవ్య మూలన పోంతేవేద్ర అనే పట్టణం ఉంది. జనాభా 80 వేల పైచిలుకు, మన లెక్కలో ఓ మోస్తరు మున్సిపాలిటీ. వృత్తిరీత్యా వైద్యుడైన మిగేల్ అన్షో ఫెర్నాండెస్ లోరెస్ 1999లో మేయరయ్యాక ఊరి నడిబొడ్డు నుంచి కార్లను దాదాపుగా బయటకు పంపేశారు. వ్యాపారులు మొదట గొడవ చేశారు, ఎక్కడైనా చేస్తారు. కానీ ఆ తర్వాత ఎన్నికల్లో ఆయన్నే మళ్లీ మళ్లీ గెలిపించారు. అక్కడ పిల్లలు ఒంటరిగా బడికి నడిచి వెళతారు. ఏ చోటి నుంచి ఏ చోటికి నడిచి ఎన్ని నిమిషాల్లో చేరవచ్చో చూపే పటాన్ని మెట్రో రైలు పటంలా గీసి నగరపాలక సంస్థే పంచింది. మన పట్టణాలకు అలాంటి పటం గీస్తే జనం ఆశ్చర్యపోతారు. బండి తీసి వెళ్లే చోట్లలో ఎన్నో పది నిమిషాల నడక దూరంలోనే తేలతాయి.

సింగపూర్ దారి వేరు, అక్కడ ప్రతిదీ యంత్రంతో పరిష్కరిస్తారు. 2009 నుంచి అక్కడి సిగ్నళ్ల దగ్గర వృద్ధులు తమ రాయితీ కార్డును స్తంభానికి తాకిస్తే, రోడ్డు వెడల్పును బట్టి పచ్చదీపం 3 నుంచి 13 సెకన్లపాటు ఎక్కువసేపు వెలుగుతుంది. 2018లో ప్రపంచ స్థాయి వాస్తుశిల్ప పురస్కారం అందుకున్న అక్కడి 'కంపుంగ్ అడ్మిరాల్టీ' భవన సముదాయంలో వృద్ధుల ఫ్లాట్లు, వైద్య కేంద్రం, చవక భోజనశాలలు, పసిపిల్లల సంరక్షణ కేంద్రం, పెద్దల కేంద్రం అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. పసిపిల్లల కేంద్రాన్నీ పెద్దల కేంద్రాన్నీ కావాలనే పక్కపక్కన పెట్టారు. జపాన్‌లోని తొయామా నగరానిది మరో తరహా తెలివి. 2006లో తక్కువ ఎత్తు ఫ్లోరుండే ట్రామ్ మొదలుపెట్టి, దాని చుట్టూనే ఊరు దగ్గరగా ఉండేలా చూసుకుంటోంది. మనవళ్లనో మనవరాళ్లనో వెంటబెట్టుకొస్తే అక్కడి జంతు ప్రదర్శనశాలలోనూ మ్యూజియాల్లోనూ తాతా అవ్వలకు ప్రవేశం ఉచితం. మన జూపార్కులకూ శిల్పారామాలకూ ఈ ఆలోచన తెచ్చుకోవడానికి జీవో ఒక్కటి చాలు, టెండరు కూడా అక్కర్లేదు.

అంత దూరం వెళ్లలేమంటే పొరుగున చెన్నై ఉంది. 2014లో ఆ నగరపాలక సంస్థ నడకకూ సైకిలుకూ పెద్దపీట వేసే విధానాన్ని ఆమోదించింది. 2019లో టి.నగర్‌లోని పాండీ బజారు రోడ్డును వెడల్పాటి నడక బాటగా మార్చింది. పట్టుచీరల కోసం అక్కడికి వెళ్లే నెల్లూరు, చిత్తూరు జిల్లాలవారు చాలామంది ఆ మార్పును తమ కాళ్లతోనే చూసి ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపే వృద్ధ హిత నగరాల కూటమిలో కొచ్చి చేరింది. విశాఖ బీచ్ రోడ్డులో ఉదయం పూట వాహనాలను ఆపి నడకకు వదలడం కూడా చిన్న సంగతేమీ కాదు. ఆ వేళ అక్కడ స్కేటింగ్ నేర్చుకునే పిల్లలు, చేతికర్ర పట్టుకున్న పెద్దలు, పరుగెత్తే కుర్రాళ్లు ఒకే రోడ్డుమీద కనిపిస్తారు. ఎండెక్కాక బండ్లకు దారి వదిలిపెడతారు. ఊరి రోడ్డు కొన్ని గంటలైనా అన్ని వయసులవారిదీ కావచ్చని అదే రుజువు.

కొత్తగా కట్టడంకన్నా ఉన్నవాటి తాళాలు తీయడం తేలిక. మన దగ్గర అన్ని వయసులవారికీ ఒకే గదిలో చోటిచ్చిన సంస్థ ఒకటుంది, గ్రంథాలయం. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో, వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో వెలిశాయి. 1935లో పాతూరి నాగభూషణం వంటివారు కృష్ణా కాలువలో పడవమీద పుస్తకాలు పెట్టుకుని పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య ఊరూరా తిప్పారు. చదువరి దగ్గరకు పుస్తకం వెళ్లిన రోజులవి. ఇప్పటికీ పొద్దున్నే పేపరు కోసం రిటైరైనవారు, రోజంతా పోటీ పరీక్షలకు చదివే నిరుద్యోగులు గ్రంథాలయాలను నిలబెడుతున్నారు. హైదరాబాద్ చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరకడమే గగనం. మనం కట్టే ఇంటిపన్నులో ప్రతి రూపాయికీ ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు ఉంది. ఈ డబ్బు వసూలు చేసేది స్థానిక సంస్థలు, ఖర్చు చేయాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థలు. మధ్యలో బకాయిలు పేరుకుపోతుంటాయి. ఆ సెస్సు సక్రమంగా చేరితే ప్రతి పట్టణంలో ఒక ఫ్యాను, ఒక మరుగుదొడ్డి, పిల్లలకో చాప, పెద్దలకో వాలు కుర్చీ ఉన్న గది దానితోనే సమకూరుతుంది. మధ్యాహ్నం ఎండలో ఇంట్లో ఉక్కపోసే మనిషికి అంతకుమించిన చల్లటి చోటు ఏముంటుంది?

బడి మైదానాల సంగతీ అంతే. దాదాపు ప్రతి పట్టణంలోనూ వాకర్స్ క్లబ్బులు పొద్దున్నే జిల్లా పరిషత్ హైస్కూలు గ్రౌండులోనో కాలేజీ గ్రౌండులోనో తిరుగుతుంటాయి. సాయంత్రం అదే గేటుకు తాళం. ఆటస్థలం లేని పిల్లలు బండ్ల మధ్య క్రికెట్ ఆడుతుంటారు. వాచ్‌మన్‌కు అదనపు జీతం, రెండు దీపాలు. ఇంతకుమించి ఖర్చు లేదు.

పల్లెల్లో పరిస్థితి పైకి మెరుగ్గా కనిపిస్తుంది. తెలంగాణ ప్రతి పంచాయతీలో పల్లె ప్రకృతి వనం పెట్టించింది, 2022 జూన్ 2 నుంచి క్రీడా ప్రాంగణాలు తెరిచింది. ఆలోచన మంచిదే. అయితే ఊరి నడుమ ఖాళీ జాగా దొరక్క చాలాచోట్ల అవి పొలిమేరలో తేలాయి. పిల్లల్ని ఒంటరిగా పంపలేరు, పెద్దలు అంత దూరం నడవలేరు. ఎవరూ రానిచోట పిచ్చి మొక్కలే మొలుస్తాయి. ఊళ్లోనే ఉన్న అంగన్‌వాడీ ముందు రెండు బెంచీలు వేసి ఓ వేపచెట్టు నాటి ఉంటే తల్లీ పిల్లా అవ్వా రోజూ అక్కడే ఉండేవారు. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీలున్నాయి. సింగపూర్ ఒక భవనంలో కలిపినదాన్ని మనం ప్రతి ఊళ్లో ఆ అంగన్‌వాడీ వాకిట్లోనే కలపవచ్చు.

ఫుట్‌పాత్ మాట ఎత్తగానే అధికారులకు మొదట కనిపించేది తోపుడు బండి. బుల్డోజరు దానిమీదకే వెళుతుంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వారికి జాగా చూపమంటోంది, పట్టణ విక్రయ కమిటీలు వేయమంటోంది. నిజానికి మిరపకాయ బజ్జీల బండి, అరటిపళ్ల బుట్ట ఉన్న వీధిలోనే పెద్దవాళ్లు రాత్రి తొమ్మిదింటికి కూడా ధైర్యంగా నడుస్తారు. దీపం వెలుగుతుంటుంది, పడిపోతే లేపడానికి మనిషి ఉంటాడు. నడక దారిని ఎక్కువగా మింగుతున్నది పగలంతా కదలకుండా నిలిచి ఉండే కార్లు. వాటికి నోటీసు ఎవరూ ఇవ్వరు. హైదరాబాద్‌లోని ఉప్పల్ కూడలిలో 2023లో తెరిచిన స్కైవాక్‌లాంటివి, లిఫ్టులూ ఎస్కలేటర్లతో, అంత రద్దీ ఉన్నచోట అవసరమే కావచ్చు. కానీ లిఫ్టు లేని ఫుట్‌ఓవర్ బ్రిడ్జి కట్టి పాదచారులకు మేలు చేశామనడం అన్యాయం. కారు నేలమీద సాఫీగా పోవడానికి మోకాళ్ల నొప్పుల మనిషిని మూడంతస్తులు ఎక్కించడం అది.

డబ్బులేవీ అన్నది మరో అభ్యంతరం. వార్డులో ఉన్న అన్ని వీధులూ ఒకేసారి బాగుచేయనక్కర్లేదు. అంగన్‌వాడీ, బడి, ఆసుపత్రి, బస్టాపు, కూరగాయల బజారు, గుడీ మసీదూ చర్చీ: వీటిని కలిపే దారి ఒక్కటి ఎంచుకుంటే ఏ వార్డులోనైనా మహా అయితే కిలోమీటరో రెండో వస్తుంది. విరిగిన పలకలు మార్చడం, ర్యాంపులను ఇంటి గోడ లోపలికి నెట్టడం, నీడ, బెంచీలు, దీపాలు, తాళం తీసిన మరుగుదొడ్డి, బండ్ల వేగం తగ్గించే ఎత్తైన జీబ్రా గీత. ఒక ఫ్లైఓవర్ ఖర్చులో ఇలాంటి దారులు పట్టణమంతటా వేయవచ్చు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 నుంచీ ఇదే అడుగుతోంది. హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన నివేదిక ఆధారంగా 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, సౌలభ్య ప్రమాణాలు ఐచ్ఛికంగా ఉండటం కుదరదని, తప్పనిసరి చేయాలని తీర్పు ఇచ్చింది. మంచానికి దగ్గరవుతున్న ప్రతి ఒక్కరికీ ఆ తీర్పు పనికొస్తుంది, చట్టంలో వారి పేరు రాసి లేకపోయినా.

ఎవరిని అడగాలన్నదీ తెలియని విషయం కాదు. 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డులో నాలుగు కమిటీలు వేయమంది: యువతది ఒకటి, మహిళలది ఒకటి, సీనియర్ సిటిజన్లది ఒకటి, ప్రముఖులది ఒకటి. ఒక్కోదాంట్లో 15 మంది. అన్ని వయసుల మాటా వినే ఏర్పాటు చట్టంలోనే స్పష్టంగా ఉంది. మీ వార్డులో అవి ఉన్నాయో లేదో, చివరిసారి ఎప్పుడు కూర్చున్నాయో అడిగి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన 15,004 గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగులు ప్రతి నెలా పింఛను ఇవ్వడానికి ప్రతి ముసలి మనిషి గడపా తొక్కుతున్నారు. సంతకమో వేలిముద్రో తీసుకునేటప్పుడే "గత వారంలో ఇల్లు దాటి బయటకు వెళ్లారా? వెళ్లలేదంటే ఎందుకని?" అన్న రెండు ప్రశ్నలు అడిగి రాసుకుంటే ఏ కన్సల్టెంటూ ఇవ్వలేని పటం నెల రోజుల్లో చేతికొస్తుంది. ఏ వీధిలో ఏ పలక విరిగిందో, ఏ బస్టాపులో నీడ లేదో ఆ జవాబుల్లోనే ఉంటుంది.

మీ వార్డులో ఈసారి ఓటు అడగడానికి వచ్చిన అభ్యర్థి ఎవరైనా సరే, గుమ్మంలో నిలబెట్టి కరపత్రం తీసుకుని పంపేయకండి. మీ ఇంటి అవ్వను, ఓ చంటిబిడ్డను వెంట ఇచ్చి, మీ గేటు నుంచి బస్టాపు దాకా రోడ్డుమీద కాలు పెట్టకుండా ఒకసారి నడిపించండి. ఆ తర్వాత మాట్లాడదామనండి.